పేరు లేని డబ్బా: పాత క్యారవాన్‌లో తెలియని ఎలక్ట్రికల్ సామానును గుర్తుపట్టడం

(తిరుపతిలో ఆటో ఎలక్ట్రీషియన్లకు, పాత వ్యాన్లను క్యారవాన్లుగా బాగుచేసుకుంటున్నవారికి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు వరసలో ఉన్నవాళ్లు ఈ వస్తువును ఒకసారి చేతిలోకి తీసుకుని చూసి, వెనక్కి పంపండి. అగ్గిపెట్టె కంటే చిన్న రేకు డబ్బా. పైన రెండు మరలున్నాయి, ఒకటి రాగి రంగు, ఇంకొకటి తెలుపు. తుప్పు గోకితే రాగి మర పక్కన ‘బ్యాట్’ అనీ, తెల్ల మర పక్కన ‘ఆక్స్’ అనీ అక్షరాలు బయటపడతాయి. పాత క్యారవాన్ విప్పుతుంటే ఇది బ్యాటరీ పక్కన, రేకుకు బిగించి కనబడుతుంది. చాలామంది దీన్ని జాయింట్ డబ్బా అనుకుని తీసేస్తారు. రెండు వైర్లనూ ఒకే బోల్టుకు బిగించేస్తారు. బండి మామూలుగానే నడుస్తుంది, లైట్లు వెలుగుతాయి, ఎవరికీ అనుమానం రాదు.

కానీ ఆ లైనుకున్న రక్షణ అదొక్కటే. ఇది తనంతట తానే మళ్లీ కలుసుకునే సర్క్యూట్ బ్రేకరు. లోపల రెండు లోహాలు అంటించిన పట్టీ ఉంటుంది. కరెంటు పరిమితి దాటితే అది వేడెక్కి వంగి లైను తెంచుతుంది, చల్లారాక మళ్లీ కలుపుతుంది. దాన్ని తీసేశాక ఏదో ఒకరోజు వైరు ఛాసిస్‌కు రాసుకుంటే అక్కడ కాలిపోయేది వైరే. పక్కనే ప్లైవుడ్డు, ఫోమూ ఉంటాయి.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఈ డబ్బాలోనే ఉంది. వస్తువును మొహం చూసి గుర్తుపట్టలేం, దాని వైర్లను చూసి గుర్తుపట్టాలి. ప్రతి తెలియని వస్తువునూ మూడు ప్రశ్నలు అడగండి. కరెంటు ఎక్కడినుంచి తీసుకుంటోంది? ఎవరికి ఇస్తోంది? ఎవరు చెబితే ఇస్తోంది? ఈ మూడింటికీ జవాబు దొరికితే దాని పేరు తెలియకపోయినా ఫరవాలేదు. ఒక్కదానికి దొరక్కపోయినా ఏదీ కత్తిరించకండి, చేతిలో కట్టర్ పక్కన పెట్టేయండి.

మన తిరుపతిలో క్యారవాన్‌గా మారే బండి ఎక్కువగా యాత్రికులను తిప్పిన టెంపో ట్రావెలరో, మినీ బస్సో అయి ఉంటుంది. మొదటి ఓనరు ఏసీ పెట్టించి ఉంటాడు. రెండోవాడు టీవీ, పాటల సెట్టు, సీలింగ్ నిండా రంగు లైట్లు వేయించి ఉంటాడు. మూడోవాడు ఇన్వర్టరు, చిన్న ఫ్రిజ్. అంటే కంపెనీ వైరింగ్ మీద ఇంకో మూడు చేతుల వైరింగ్. ఒకరు వేసింది ఇంకొకరికి తెలియదు, ఎవరూ కాగితం మీద గీసి పెట్టలేదు. అందుకే బండి కంపెనీ సర్క్యూట్ బొమ్మ దొరికినా అది సగం పనికే వస్తుంది.

మల్టీమీటరు చేతిలోకి తీసుకునేముందు కరెంటు చంపాలి, దానికో వరస ఉంది. బయటినుంచి వచ్చే 230 వోల్టుల ప్లగ్గు పీకేయండి. పైన సోలార్ ప్యానెల్ ఉంటే బ్యాటరీ కంటే ముందు ప్యానెల్ వైర్లు విప్పండి. బ్యాటరీ ముందు తీసేస్తే చాలా సోలార్ చార్జింగ్ కంట్రోలర్లు దెబ్బతింటాయి. పైగా ఎండ ఉన్నంతసేపు ఆ వైర్లలో వోల్టేజి ఉంటుంది. ఆ తరువాత ఇన్వర్టరు ఆపి దాని బ్యాటరీ వైరు విప్పండి. చివరగా ఇంజను బ్యాటరీ, లోపలి బ్యాటరీ, రెండింటి మైనస్సులూ విప్పండి. ముందు మైనస్సే ఎందుకంటే, ప్లస్సు విప్పుతున్నప్పుడు పానా బాడీకి తగిలినా అప్పుడు షార్టు అవదు. రూఫ్ ఏసీ ఉన్న బండిలో కెపాసిటరు డబ్బాను కూడా మరవకండి. అల్యూమినియం గొట్టంలా ఉండి, మీద మైక్రోఫారడ్ అంకె, 440 వోల్టులు అని రాసి ఉంటుంది. ప్లగ్గు పీకాక కూడా అందులో షాక్ కొట్టేంత చార్జి మిగిలి ఉండవచ్చు. 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టరును ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో దాని కొనలకు కొన్ని సెకన్లు పట్టించి, మీటరులో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి.

ఇక రంగులు. దయచేసి రంగులను నమ్మవద్దు. జర్మన్ పద్ధతి బండి వైరింగ్‌లో గోధుమరంగు అంటే బాడీ ఎర్త్, అంటే బండి రేకుకు కలిసే మైనస్సు. 230 వోల్టులకు ఇప్పుడు వాడే అంతర్జాతీయ పద్ధతిలో అదే గోధుమరంగు ఫేజు. మన పాత ఇళ్ల వైరింగ్‌లో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్. బండిలో ఎరుపు ప్లస్సు, నలుపు మైనస్సు. అమెరికా సామానులో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్. ఈ వైర్లన్నీ ఒకే కేసింగ్‌లో పడుకుని ఉంటాయి. ‘నలుపు కదా, ఎర్తే’ అని పట్టుకున్న వైరు 230 వోల్టుల లైను అయితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

బండి 12 వోల్టులదా, 24దా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. టెంపో ట్రావెలర్ 12 వోల్టులది, పెద్ద బస్సులు 24. ఇంజను దగ్గర రెండు బ్యాటరీలుంటే మధ్యలో కలిపిన కేబుల్ చూడండి. ఒకదాని ప్లస్సు రెండోదాని మైనస్సుకు వెళ్తే 24. ప్లస్సు ప్లస్సుకు, మైనస్సు మైనస్సుకు వెళ్తే 12.

ఇప్పుడు వైరు వెంట నడవడం. వైరుకు రెండు చివరలా ఒకే నంబరు అంటించండి. ‘పంపు’ అనో, ‘బాత్రూమ్ లైటు’ అనో రాయకండి, నంబరు మాత్రమే రాయండి. మొదటిరోజు ఊహించి రాసిన ‘పంపు’ పదోరోజుకు నిజమైపోతుంది. తరువాత వచ్చినవాడు దాన్ని నమ్మి పని చేస్తాడు. నోటు పుస్తకంలో ఆ నంబరుకు ఒక వరస కేటాయించండి. వైరు మందం, రంగు, ఒక చివర ఎక్కడ, రెండో చివర ఎక్కడ, ఏ ఫ్యూజు, ఎంత కరెంటు. పని ఏమిటో తేలాకే ఆఖరి గడి నింపండి.

రెండు చివరల మధ్య వైరు ఒకటేనా అని చూడటానికి పది మీటర్ల వైరుకు రెండు వైపులా క్లిప్పులు పెట్టి సిద్ధం చేసుకోండి, మీటరు తీగలు బండి పొడవునా చాలవు. ఇక్కడ చాలామంది పొరబడేది మీటరు ‘బీప్’ దగ్గర. మామూలు మీటరు 30, 40 ఓమ్‌లున్నా బీప్ అంటుంది. 21 వాట్ల బల్బు చల్లగా ఉన్నప్పుడు ఒక ఓమ్ కూడా ఉండదు. అంటే వైరు చివర బల్బు ఉంటే చాలు, మీటరు ‘షార్టు’ అని అరుస్తుంది. కాబట్టి బల్బులు, మోటార్లు, ఫ్యూజులు అన్నీ ఊడదీసి కొలవండి. బీప్ వినడం కాదు, అంకె చూడండి.

(బల్ల మీద ఐదు నల్ల డబ్బాలు వరసగా పెడుతూ)

ఇవి ఐదూ కవల పిల్లల్లా ఉన్నాయి. అంగుళం చదరపు నల్ల డబ్బా, కింద కాళ్లు. కానీ ఒకటి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి), ఒకటి ఇండికేటర్ ఫ్లాషర్, ఒకటి వైపర్ టైమరు, ఒకటి వోల్టేజి చూసి పనిచేసే రిలే, చివరిది లోపల డయోడు (కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చేది) ఉన్న రిలే. కాళ్ల పక్కన అంకెలు చదవండి. 30, 85, 86, 87 ఉంటే రిలే. 85, 86 మధ్య కాయిల్, అంటే కరెంటు ఇస్తే అయస్కాంతమై లోపలి స్విచ్చిని లాగే తీగ చుట్ట. 30కి కరెంటు వస్తుంది, కాయిల్ లాగితే 87కి పోతుంది. 87ఏ ఉంటే కాయిల్ లాగనప్పుడు 30తో కలిసి ఉండే కాలు అది. 49, 49ఏ, 31 ఉంటే ఫ్లాషర్. అంకెలు 53తో మొదలైతే వైపరు. 15 అంటే తాళం తిప్పితే వచ్చే కరెంటు, 31 అంటే ఎర్త్, 50 అంటే సెల్ఫ్‌కు వెళ్లే లైను, 58 పార్కింగ్ లైట్లు. డైనమో దగ్గర 61 అనో, డి ప్లస్ అనో ఉంటే అది చార్జింగ్ దీపం లైను. ఈ అంకెలు నోటికి వస్తే పాత బండిలో సగం పని తేలినట్టే.

అంకెలు చెరిగిపోతే కాయిల్ కొలవండి. 12 వోల్టుల మామూలు రిలే కాయిల్ 70 నుంచి 100 ఓమ్‌ల దాకా ఉంటుంది, 24 వోల్టులదైతే 250 నుంచి 350. 24 రిలేను 12లో పెడితే లాగదు. 12 రిలేను 24లో పెడితే క్లిక్ అంటుంది, బాగానే ఉందనిపిస్తుంది, కాసేపట్లో కాయిల్ కాలి వాసన వస్తుంది. లోపల డయోడు ఉన్నదాన్ని మీటరుతో తేలిగ్గా పట్టుకోలేం, పక్కనే కాయిల్ ఉండటంతో తీగలు అటూ ఇటూ మార్చినా దాదాపు ఒకే అంకె వస్తుంది. డబ్బా మీది బొమ్మలో డయోడు గుర్తు ఉందేమో చూడండి. అలాంటిదానికి 86 మీదే ప్లస్సు రావాలి. తలకిందులైతే డయోడు నేరుగా షార్టు అవుతుంది, ఫ్యూజు పోతుంది. ఇంకో సంగతి. చూడటానికి ఒకేలా ఉన్న రిలేల్లో రెండు రకాల కాళ్ల అమరిక ఉంది. ఒక రకంలో 30 ఉన్న చోట ఇంకో రకంలో 86 ఉంటుంది. సాకెట్‌లో చక్కగా కూర్చుంటుంది కానీ పని తప్పుతుంది. అందుకే పాతది తీసి కొత్తది కొనేటప్పుడు మొహం పోల్చి తెచ్చుకోకండి, కాళ్ల పక్కన అంకెలు పోల్చండి.

రిలే కంటే పెద్దది సోలనాయిడ్. గ్లాసంత డబ్బా, పైన రెండు లావు రాగి బోల్టులు, పక్కన ఒకటో రెండో చిన్న మరలు. క్యారవాన్‌లో ఇది సాధారణంగా ఇంజను నడుస్తున్నప్పుడు లోపలి బ్యాటరీకి చార్జింగ్ పంపే తలుపు. ఇక్కడ జరిగే తప్పు ఏమిటంటే, అది పోతే సెల్ఫ్‌కు వాడే సోలనాయిడ్ తెచ్చి బిగిస్తారు. రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. సెల్ఫ్ సోలనాయిడ్ కాయిల్ మూడు, నాలుగు ఓమ్‌లే, మూడు నాలుగు ఆంపియర్లు తాగుతుంది. అది కొన్ని సెకన్లు పనిచేయడానికి చేసింది. నిరంతరం పనిచేసేదాని కాయిల్ 12 నుంచి 16 ఓమ్‌ల దాకా ఉంటుంది, ఒక ఆంపియరుకు అటూ ఇటూ తీసుకుంటుంది. మొదటిదాన్ని రెండోదాని చోట పెట్టి చిత్తూరు దాకా పోయి రండి. దిగేసరికి డబ్బా ముట్టుకోలేనంత కాలుతుంది. కొన్నాళ్లకు లోపలి రాగి పళ్లెం అతుక్కుపోతుంది. తాళం తీసినా రెండు బ్యాటరీలూ కలిసే ఉంటాయి. రాత్రంతా లైట్లు, ఫ్యాను వాడితే తెల్లారి సెల్ఫ్ తిరగదు. జనం బ్యాటరీని తిడతారు, తప్పు ఈ డబ్బాది.

అదే చోట సోలనాయిడ్‌కు బదులు రెక్కల అల్యూమినియం దిమ్మ, మూడు బోల్టులు కనబడితే అది డయోడు ఐసొలేటరు, ఒక బ్యాటరీ కరెంటు ఇంకోదానిలోకి పోకుండా విడదీసేది. మధ్య బోల్టుకు డైనమో, రెండు పక్కలా రెండు బ్యాటరీలు. వైర్లన్నీ విప్పి డయోడు రేంజిలో మధ్యనుంచి పక్కలకు కొలిస్తే 0.4 నుంచి 0.7 దాకా చూపాలి, వెనక్కి కొలిస్తే ఏమీ చూపకూడదు. రెండు దిక్కులా చూపితే లోపల షార్టు అయింది. ఇది బాగా పనిచేస్తున్నా అర వోల్టుకు పైగా తినేస్తుంది కాబట్టి బ్యాటరీ పూర్తిగా నిండదు. దాన్ని మార్చేయడమే మంచిదని నా అభిప్రాయం. వోల్టేజి చూసి పనిచేసే రిలే ఇప్పుడు చవకగా దొరుకుతుంది. 13.3 వోల్టుల దగ్గర కలుస్తుంది, 12.8 దగ్గర విడిపోతుంది.

(ఇత్తడి ముక్కను పైకెత్తి)

ఇది చూడండి. రెండు ఇత్తడి దిమ్మలు, మధ్యలో సన్నని పట్టీలు. ఫ్యూజులా ఉంది కదా? మైనస్సు కేబుల్ మధ్యలో ఉంటుంది. దిమ్మలకు లావు కేబుళ్లు కాక రెండు సన్న వైర్లు కూడా ఉంటాయి. మీద 100 ఆంపియర్లు, 75 మిల్లీవోల్టులు అని చెక్కి ఉంటుంది. ఇది ఫ్యూజు కాదు, షంటు. పట్టీల్లో కరెంటు పోతుంటే ఏర్పడే ఆ చిన్న వోల్టేజిని సన్న వైర్లు ఆంపియరు మీటరుకు చేరుస్తాయి. అడ్డంగా ఉందని వైరు వేసి దాటించారంటే బ్యాటరీ మీటరు సున్నా చూపుతూ కూర్చుంటుంది. మరలు శుభ్రం చేసి అక్కడే ఉంచండి.

పాత చార్జరు సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. సీటు కింద బరువైన డబ్బా, ప్లగ్గు పెడితే గుయ్ మంటుంది. లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, రెండో నాలుగో డయోడ్లు. దాని మీద లోపలి బ్యాటరీ పెట్టి రాత్రంతా వదిలి, ఉదయం వోల్టేజి చూడండి. 12 వోల్టుల బ్యాటరీ మీద 14.4 దాటి అలాగే నిలబడి ఉంటే అది బ్యాటరీని ఉడకబెడుతోంది. నీళ్లు తగ్గడం, మూతల చుట్టూ తడి, టెర్మినల్ మీద తెల్ల పొడి, ఇవన్నీ దాని పనే. మనకు కరకంబాడిలోనే బ్యాటరీలు తయారవుతాయి, కొత్త బ్యాటరీ కొనడం సులువే. కానీ చార్జరును తేల్చకుండా కొత్త బ్యాటరీ పెట్టడం డబ్బు పారబోయడమే. ఈ పాత చార్జర్ల కరెంటు నున్నగా కూడా ఉండదు. బ్యాటరీ లేకుండా నేరుగా దాని మీద ఎల్‌ఈడీ లైట్లు వేస్తే త్వరగా పోతాయి. దాన్ని బాగుచేయడానికి కూర్చోకండి, దశలవారీగా చార్జి చేసే కొత్తది పెట్టండి.

చిన్న వస్తువులు కొన్ని గబగబా. నీళ్ల ట్యాంకులోకి వెళ్లే రెండు వైర్లు కనబడితే వాటికి 12 వోల్టులు ఇవ్వకండి, కాలిపోతుంది. అది నీటి మట్టాన్ని కొలిచి మీటరుకు చెప్పే సెండర్ కావచ్చు. ఓమ్‌లలో కొలవండి. అమెరికా రకం ఖాళీగా 240, నిండుగా 33. యూరప్ రకం ఖాళీగా 10, నిండుగా 180. నేలకు దగ్గరగా జాలీ ఉన్న చిన్న డబ్బా గ్యాస్ అలారం, వంట గ్యాసు గాలికంటే బరువు కాబట్టి కింద పెడతారు. దాన్ని అందం కోసం పైకి మార్చకండి. గ్యాసుతో కూడా నడిచే ఫ్రిజ్ వెనక రెండు హీటర్ కడ్డీలు పక్కపక్కనే ఉంటాయి. 120 వాట్లవి అయితే 12 వోల్టులది 1.2 ఓమ్‌లు, 230ది 440 ఓమ్‌ల దగ్గర చూపుతాయి. ఈ తేడా చూడకుండా వైర్లు మార్చేస్తే ఒకటి అసలు వేడెక్కదు, రెండోది క్షణంలో పోతుంది.

అన్నీ చదివాక కరెంటు ఇచ్చి చూసే ఘడియ వస్తుంది. నేరుగా బ్యాటరీ తగిలించకండి. ఫ్యూజు తీసేసి ఆ చోట 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు పెట్టండి. లైనులో షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, దాదాపు నాలుగున్నర ఆంపియర్లు దాటి పోనివ్వదు, ఏదీ కాలదు. బల్బు మసకగా ఉండి ఎదుట ఏదో కదిలితే, ఆ లైను ఎవరిదో తెలిసిపోయింది. బల్బు అసలు వెలగకపోతే లైను తెగి ఉంది, లేదా ఇంకెవరి ఆజ్ఞ కోసమో ఎదురుచూస్తోంది. ఒక జాగ్రత్త. ఇంజను కంప్యూటరు ఉన్న బండిలో దాని వైర్ల మీద బల్బు పరీక్ష వద్దు, మీటరే వాడండి.

వస్తువు మంచిదే అయినా పనిచేయకపోతే వైరును అనుమానించండి. ఆరు మీటర్ల దూరంలో ఏడు ఆంపియర్ల నీళ్ల పంపు ఉందనుకోండి. పోను రాను పన్నెండు మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే దారిలోనే దాదాపు ఒక వోల్టు పోతుంది. 4 వేస్తే 0.4 కూడా పోదు. పంపు నీరసంగా తిరుగుతోందని కొత్త పంపు కొనేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. ఇళ్లకు వాడే ఒంటి తీగ వైరును బండిలో వేయడం మన దగ్గర బాగా అలవాటైంది. తిరుమల ఘాట్ మలుపుల్లో బండి ఊగుతుంటే ఆ ఒంటి తీగ మర దగ్గర ఒకేచోట వంగి వంగి, ఇన్సులేషన్ లోపలే విరుగుతుంది. పైకి బాగానే కనబడుతుంది. లాగి చూస్తే సాగుతుంది. అలాంటి వైరు దొరికితే గుర్తుపట్టే శ్రమ కూడా వద్దు, రెండు చివరలూ రాసుకుని, సన్న పోగుల వైరుతో మార్చి థింబుల్ క్రింపు చేయండి.

(సభలో ఒకరు: సార్, 24 వోల్టుల బస్సులో పాటల సెట్టుకు ఒక బ్యాటరీ మీదనుంచే 12 తీసి ఉంది. బాగానే పనిచేస్తోంది. అలాగే ఉంచవచ్చా?)

వద్దండీ. కింది బ్యాటరీ ఒక్కటే ఖర్చవుతుంది, డైనమో మాత్రం రెండింటినీ కలిపి 24గానే చూస్తుంది. కొన్నాళ్లకు కిందది ఎప్పుడూ ఆకలితో, పైది ఎప్పుడూ అజీర్తితో ఉంటాయి, రెండూ పోతాయి. విడివిడిగా కొలిచి చూడండి, రెండింటికీ తేడా కనబడుతుంది. 24 నుంచి 12కు దించే కన్వర్టరు పెట్టండి, ముందు ఫ్యూజు వేసి.

(ఇంకొకరు: అన్నీ చూశాక కూడా ఏమిటో తేలని డబ్బా మిగిలితే?)

మిగులుతాయండీ, ప్రతి బండిలో ఒకటో రెండో. దాని వైర్లు కత్తిరించకండి, కనెక్టరు దగ్గర ఊడదీయండి. కొనలకు టేపు చుట్టి, నంబరు చీటీ కట్టి, అక్కడే వదిలేయండి. ఒక వారం బండి నడపండి. వైపరు, ఇండికేటరు, చార్జింగు, వెనక లైట్లు, పంపు, ఫ్రిజ్, వానలో ఒకసారి, రాత్రి ఒకసారి చూడండి. ఏదైనా ఆగితే జవాబు దొరికింది. ఏదీ ఆగకపోతే మీటరును 10 ఆంపియర్ల రేంజిలో బ్యాటరీ మైనస్సుకు వరసగా పెట్టి, అన్నీ ఆపి, ఆ డబ్బా ఉన్నప్పుడూ లేనప్పుడూ కరెంటు చూడండి. మొత్తం 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. అది తగిలిస్తే అంకె పెరుగుతోందంటే మీ బ్యాటరీని రాత్రిళ్లు ఖాళీ చేస్తున్నది అదే, తీసి పక్కన పెట్టండి. ఆ చీటీ మాత్రం డబ్బాకే కట్టి, బండి నోటు పుస్తకంతో పాటు ఉంచండి.